ఉల్రిక్ చేతిలోని రాయి: 'డార్క్' ధారావాహికలో ఒక తండ్రి

అందరికీ నమస్కారం. నిర్వాహకులు తెర, ప్రొజెక్టరు సిద్ధం చేసి ఉంచారు. చివరిదాకా దాన్ని వెలిగించవద్దని నేనే అడిగాను. ముందు మాట్లాడుకుందాం, బొమ్మ తర్వాత చూద్దాం.

ఈ సాయంత్రానికి నేను ఎంచుకున్నది 'డార్క్' అనే జర్మన్ ధారావాహిక. బారన్ బో ఓడార్, యాంట్యే ఫ్రీజ అనే ఇద్దరు కలిసి దీన్ని తయారుచేశారు. నెట్‌ఫ్లిక్స్ జర్మన్ భాషలో సొంతంగా తీయించిన మొదటి ధారావాహిక ఇదే. 2017 డిసెంబరులో మొదలై 2020 జూన్‌లో ముగిసింది. మూడు సీజన్లు, 26 భాగాలు. ఇంకా చూడనివాళ్ళు ఇక్కడ ఉంటే నన్ను మన్నించాలి. కథ దాచుకుంటూ ఈ తండ్రి గురించి మాట్లాడడం కుదరదు.

విండెన్ అనే కల్పిత పట్టణం. చుట్టూ దట్టమైన అడవి, అడవిలో ఒక గుహ, అక్కడికి దగ్గరలోనే అణువిద్యుత్ కేంద్రం. ఆ గుహలోని దారి 33 ఏళ్ళ ఎడంతో ఉన్న కాలాలను కలుపుతుంది: 2019, 1986, 1953. 2019 నవంబరు 4 రాత్రి 11 ఏళ్ళ మిక్కెల్ ఆ గుహ దగ్గర తప్పిపోతాడు. అతని తండ్రి ఉల్రిక్ నీల్సెన్ ఆ ఊరి పోలీసు అధికారి. 1986లో ఇదే ఉల్రిక్ తమ్ముడు, 12 ఏళ్ళ మాడ్స్, ఇలాగే మాయమయ్యాడు. అంటే ఒకే మనిషికి ఒకే గాయం రెండుసార్లు తగిలింది.

మిక్కెల్ ఎక్కడికి పోయాడో ప్రేక్షకులకు చాలా తొందరగానే చెప్పేస్తారు. గుహలోంచి బయటికొచ్చిన పిల్లవాడు దుమ్ము కొట్టుకున్న బట్టలతో నడుచుకుంటూ తన ఇంటికి వెళ్తాడు. ఇల్లు అదే. ఎదురుపడిన మనుషులు మాత్రం వేరు. నాన్న కావాలని అడుగుతాడు, పేరు చెబుతాడు. ఎదురుగా నిలబడిన కుర్రవాడు ఆ ఉల్రిక్‌ను నేనేనంటాడు. అది 1986. తండ్రికి ఇంకా మీసాలు రాలేదు. కొడుకు కళ్ళలో కళ్ళు పెట్టి చూసి, ఎవడో పిచ్చిపిల్లాడనుకుని పంపేస్తాడు. ఈ కథలో మిక్కెల్‌ను మొట్టమొదట గుమ్మంలోంచి వెనక్కి పంపింది తండ్రే. అప్పటికి అతనికి ఏమీ తెలియదు, తప్పు పట్టలేం. అయినా ఆ సన్నివేశం చూసినప్పుడల్లా నాకు గుండె కలుక్కుమంటుంది. ఎందుకంటే తర్వాత, అన్నీ తెలిసిన వయసులో కూడా, ఇతను కొడుకును చూడలేకపోతూనే ఉంటాడు.

ఉల్రిక్ గురించి అడిగితే ప్రేక్షకులు రెండు పక్షాలుగా చీలిపోతారు. కొందరికి అతను కొడుకు కోసం కాలాన్నే దాటిన తండ్రి. మరికొందరికి భార్యను మోసగించినవాడు, పసివాడి తల మీద రాయితో కొట్టినవాడు. రెండూ నిజమే. అయితే ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి, కొంచెం మంచి, కొంచెం చెడు అని తూకం వేసి ఊరుకుంటే ఆ పాత్ర మనకు అందదు. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఉల్రిక్ తన కొడుకును వెతకలేదు. కొడుకును ఎత్తుకుపోయాడనుకున్నవాణ్ణి వేటాడాడు. వెతకడం, వేటాడడం దూరం నుంచి ఒకేలా కనిపిస్తాయి. రెండింటిలోనూ మనిషి పరుగెత్తుతాడు, నిద్ర మానేస్తాడు, ముళ్ళూ రాళ్ళూ లెక్కచేయడు. కానీ వెతికేవాడి మనసులో తప్పిపోయినవాడి ముఖం ఉంటుంది. వేటాడేవాడి మనసులో దొరకబోయేవాడి ముఖం ఉంటుంది.

ఇందాక బయట టీ తాగుతున్నప్పుడు ఈ మాటే అంటే ఒక పెద్దాయన కోపగించుకున్నారు. "మీకు పిల్లలు లేరా మాస్టారూ? కడుపుకోత తెలియనివాళ్ళు ఇలాగే మాట్లాడతారు" అన్నారు. ఆయన ముందు వరుసలోనే కూర్చున్నారు. అయ్యా, నాకు ఒక అమ్మాయి ఉంది. ఆమెకు నాలుగేళ్ళప్పుడు ఒక రైల్వే స్టేషన్‌లో మా చేయి వదిలేసింది. ఇరవై నిమిషాలు కనిపించలేదు. ఆ ఇరవై నిమిషాల్లో నేనేం చేశానో ఈ ధారావాహిక చూసేదాకా ఎవరికీ చెప్పలేదు. పల్లీలు అమ్ముకునే కుర్రవాడు ఒకడు అంతకుముందు పాపను చూసి నవ్వాడు. నేను వాడి చొక్కా పట్టుకున్నాను. పొట్లాలు కిందపడ్డాయి. "ఎక్కడ పెట్టావు" అని అరుస్తున్నాను. అదే సమయంలో నా భార్య ప్లాట్‌ఫారం మీద కనబడిన ప్రతివాళ్ళనూ ఆపి అడుగుతోంది: "ఎర్ర గౌను, రెండు జడలు, ఒక కాలికే చెప్పు ఉంటుంది, చూశారా?" ఆమె పాపను వర్ణిస్తోంది. నేను దొంగను వర్ణిస్తున్నాను. పాప మంచినీళ్ళ కుళాయి వెనకాల కూర్చుని ఏడుస్తోంది. దొరికింది నా భార్యకు. నేను చొక్కా వదిలిన తర్వాత ఆ కుర్రవాడు వంగి పల్లీలు ఏరుకుంటున్నాడు, నేను వాడితో ఒక్క మాట కూడా అనకుండా వచ్చేశాను. కాబట్టి ఉల్రిక్‌ను పై నుంచి కిందికి చూస్తూ నేను ఈ మాటలు చెప్పడం లేదు.

ఇప్పుడు 1953కు వెళ్దాం. నా దృష్టిలో మొత్తం 26 భాగాలకూ కేంద్రం ఇక్కడే ఉంది.

ఉల్రిక్ అక్కడికి ఎలా చేరాడు? పాత కేసు కాగితాలు తిరగేస్తే 1986లో అణు కేంద్రంలో పనిచేసిన హెల్గే డోప్లర్ మీద అనుమానం వస్తుంది. 2019లో హెల్గే ముసలివాడు, వృద్ధాశ్రమంలో ఉంటాడు, మతి చలించి ఉంటుంది. ఉల్రిక్ అతని వెంటపడి గుహలోకి వెళ్తాడు. బయటికి వచ్చేసరికి 1953. అక్కడ హెల్గే తొమ్మిదేళ్ళ పిల్లవాడు.

ఒక్క నిమిషం ఇక్కడ ఆగండి. కాలప్రయాణపు కథల్లో ఇది చాలా పాత చిక్కుముడి. రేపటి హంతకుడు ఇవాళ చిన్నపిల్లవాడిగా ఎదురుపడితే ఏం చేస్తావు? సాధారణంగా దీన్ని మాటలతో వాదించి వదిలేస్తారు. ఇక్కడ అలా కాదు, చాలా దగ్గరి నుంచి చూపిస్తారు. హెల్గే చేతిలో చచ్చిన పక్షి ఉంటుంది. ఆకాశం నుంచి రాలిపడే పక్షుల్ని పోగుచేసుకోవడం ఆ పిల్లవాడి అలవాటు. నువ్వే చంపావా అన్నది ఉల్రిక్‌కు తోచిన ప్రశ్న. తప్పిపోయిన కొడుకు ఈడుకు దగ్గర్లో ఉన్న పిల్లవాడు ఒంటరిగా, భయంభయంగా ఎదురుపడితే ఒక తండ్రికి ముందుగా నోట్లోంచి రావలసిన మాట అది కాదు. అది పోలీసు అడిగే మాట. జవాబు వచ్చేలోపే తీర్పు తయారైపోయింది. ఈ పిల్లవాడు ఇంకా ఏమీ చేయలేదని ఉల్రిక్‌కు తెలుసు. ముందుముందు చేస్తాడు కాబట్టి ఇప్పుడే చంపితే తమ్ముడూ దక్కుతాడు, కొడుకూ దక్కుతాడు. లెక్క సరిపోయింది. రాయి తీసుకుంటాడు.

ఇక్కడ నాకు మన ద్రౌపది గుర్తుకొస్తుంది. నిద్రపోతున్న తన అయిదుగురు కొడుకుల్ని అశ్వత్థామ చంపేశాడు. అర్జునుడు వాణ్ణి పశువును కట్టినట్టు కట్టి ఆమె ముందు పడేశాడు. వాడు రేపు చేయబోయేవాడు కాదు, నిన్న చేసినవాడు. నేరం నిరూపణ అయిపోయింది. అయినా ఆమె వదిలేయమంది. ఎందుకని? వీడికీ ఒక తల్లి ఉంది, కృపి ఇంటి దగ్గర ఉంది, నేను ఏడుస్తున్నట్టు ఆమె ఏడవకూడదంది. కడుపుకోత తెలిసినవాళ్ళు ఎలా మాట్లాడతారని అడిగారు కదా. ఇలా కూడా మాట్లాడారు. తన దుఃఖంలోంచి ఆమె ఎదుటి తల్లి దుఃఖాన్ని చూడగలిగింది. హెల్గేకూ తల్లి ఉంది, పేరు గ్రేటా. 1953లో ఆమె కొడుకు ఇంటికి రాలేదని పోలీసుల దగ్గరికి పోతుంది. 2019లో ఉల్రిక్ భార్య కాథరీనా ఎలా నిలబడిందో గ్రేటా అలాగే నిలబడుతుంది. ఆమెను అక్కడ నిలబెట్టింది ఉల్రిక్.

హెల్గే చావడు. చచ్చాడనుకుని ఉల్రిక్ అతన్ని అడవిలోని బంకర్‌లో పడేసి పోతాడు. చెవి, చెంప ఛిద్రమై, జీవితాంతం ఆ మచ్చ మోస్తూ బతుకుతాడు. బంకర్‌లో ఉన్నప్పుడే అతను కాలం చీలికలో చిక్కి 1986కు చేరతాడు. పెద్దయ్యాక నోవా అనే వ్యక్తి గుప్పిట్లో పడి పిల్లల్ని ఎత్తుకొచ్చే పనికి దిగుతాడు. మాడ్స్‌ను అలాగే తీసుకెళ్ళారు. అంటే ఉల్రిక్ ఏ హెల్గేను ఆపాలని వచ్చాడో ఆ హెల్గే తయారవడంలో ఉల్రిక్ చేతిలోని రాయికీ వాటా ఉంది. ఇంకా ఘోరం ఏమిటంటే మిక్కెల్ విషయంలో హెల్గేకు ఏ సంబంధమూ లేదు. మిక్కెల్‌ను ఆ రాత్రి గుహలోకి నడిపించింది యోనాస్ అని రెండో సీజన్‌లో తెలుస్తుంది. యోనాస్ ఎవరు? పెరిగి పెద్దవాడైన మిక్కెల్‌కు పుట్టిన కొడుకు. ఉల్రిక్‌కు సొంత మనవడు. దొంగ కోసం ఊరంతా గాలించినవాడి వంశంలోనే ఆ పని చేసినవాడు ఉన్నాడు.

ఎగోన్ టీడెమాన్ గురించి రెండు మాటలు చెప్పకపోతే ఇది సగమే. అతను 1953లో పోలీసు, 1986లోనూ పోలీసే. 1953లో ఇద్దరు పిల్లల శవాలు దొరుకుతాయి. అదే సమయంలో బట్టలకు నెత్తురంటిన కొత్త మనిషి ఒకడు పట్టుబడతాడు. ఎగోన్‌కు ఇంకేం కావాలి? ఆ పిల్లల్ని ఉల్రిక్ చంపలేదు. కానీ అనుమానం, కోపం, ఒక ముఖం, ఈ మూడూ కలిస్తే చాలు అన్న పద్ధతి ఉల్రిక్‌ది కూడా అదే కదా. తాను హెల్గేకు వేసిన కొలతతోనే ఎగోన్ తనను కొలిచాడు. 1986లో కుర్రవాడిగా ఉన్నప్పుడు కూడా చేయని నేరానికి ఇదే ఎగోన్ అతన్ని లాకప్‌లో పెట్టాడు. తప్పుడు అనుమానం మనిషిని ఎంత కాల్చుతుందో ఉల్రిక్‌కు చిన్నప్పుడే తెలుసు. తెలిసి కూడా రాయి ఎత్తాడు. దీన్ని నేను క్షమించలేకపోతున్నాను.

తర్వాత జరిగింది పిచ్చాసుపత్రి. 1953లో లోపలికి వెళ్ళినవాడు 1987 దాకా అక్కడే ఉంటాడు. 34 ఏళ్ళు. జుట్టు నెరిసింది, ఒళ్ళు చిక్కింది, మాట తగ్గింది. ఉద్యోగం చివరి రోజుల్లో ఉన్న ఎగోన్ ఒక ఫొటో తెచ్చి చూపిస్తాడు. అందులో మిక్కెల్ ఉంటాడు. 1986లోకి వచ్చి పడ్డ ఆ పిల్లవాణ్ణి ఈనెస్ అనే నర్సు పెంచుకుంటోంది. ఉల్రిక్ తప్పించుకుని ఆ ఇంటికి చేరతాడు.

ఈ కలయికను ఎలా తీశారో గమనించండి. కొడుకుకు గడిచింది ఏడెనిమిది నెలలు. తండ్రికి గడిచింది 34 ఏళ్ళు. పిల్లవాడు ఇంకా పిల్లవాడే. వాడికి గుర్తున్న నాన్న నలభై దాటిన, గట్టి ఒళ్ళున్న మనిషి. ఎదురుగా ఉన్నది తాత. ఆ ముసలి ముఖంలో కొడుకు తండ్రిని గుర్తుపడతాడు. 1986లో ఇంటి దగ్గర కుర్ర తండ్రి కొడుకును గుర్తుపట్టలేదు. 1987లో కొడుకు మాత్రం ముసలి తండ్రిని గుర్తుపట్టాడు. అభినయం గురించి మాట్లాడడం నా పని కాదు కానీ, ఇక్కడ పెద్ద వయసు ఉల్రిక్‌గా నటించిన విన్‌ఫ్రీట్ గ్లాట్‌సెడర్ ముఖం నన్ను కొన్ని రోజులు వెంటాడింది. మొత్తం కథలో ఉల్రిక్ కొడుకును నిజంగా వెతికింది ఇక్కడే. ఎవరి మీదా పగ లేదు, పట్టుకోవలసిన ముఖం ఏదీ లేదు. పిల్లవాడి చేయి పట్టుకుని గుహ వైపు నడవడం ఒక్కటే. గుహ చేరకముందే పోలీసులు వచ్చి పట్టుకుంటారు. పిల్లవాడు అరుస్తుంటే ఈడ్చుకుపోతారు. చూసేవాళ్ళ కంటికి అతను ఎవరు? 1953లో ఒక పిల్లవాణ్ణి చావగొట్టి, ఇప్పుడు ఇంకో పిల్లవాణ్ణి ఎత్తుకుపోతున్న పిచ్చివాడు. ఆ పేరు అతనికి వాళ్ళు అన్యాయంగా పెట్టలేదు.

ఇప్పుడు ఇల్లాలి సంగతి. ఉల్రిక్‌కు కాథరీనాతో పెళ్ళయింది, మాగ్నుస్, మార్తా, మిక్కెల్ ముగ్గురు పిల్లలు. అయినా హన్నాతో సంబంధం పెట్టుకున్నాడు. దీన్ని చాలామంది పక్క కథగా తీసేస్తారు. నేను తీసేయను. హన్నా ఎవరు? మైకేల్ కాన్‌వాల్డ్ భార్య. మైకేల్ ఎవరు? 1986లో చిక్కుకుపోయి, అక్కడే పెరిగి, పేరు మారిన మిక్కెల్. అంటే ఉల్రిక్ కొడుకు ఎన్నో ఏళ్ళు అదే ఊళ్ళో, అవే వీధుల్లో, పెద్దమనిషిగా తిరిగాడు. రోజూ తండ్రిని చూశాడు, నాన్నా అని పిలవలేకపోయాడు. 2019 జూన్ 21న ఉరి వేసుకున్నాడు. ఆ ఇంటికి ఉల్రిక్ వెళ్ళింది హన్నా కోసం. తెలియక చేశాడనండి, ఒప్పుకుంటాను. కానీ భార్య దగ్గర దాచడం మాత్రం తెలిసే చేశాడు. తమ్ముడు మాయమైన 1986లో అతని తండ్రి ట్రోంటే కూడా ఇంట్లో చెప్పకుండా క్లౌడియా అనే ఆమె దగ్గరికి వెళ్ళేవాడు. దాచిపెట్టడం ఆ ఇంట్లో తండ్రి నుంచి కొడుకుకు ఆస్తిలా వచ్చింది.

కొడుకు పోయిన దుఃఖమే అతన్ని పాడుచేసిందని వాదించేవాళ్ళకు మూడో సీజన్ జవాబు చెబుతుంది. అందులో రెండో లోకం ఒకటి ఉంటుంది. అక్కడ మిక్కెల్ తప్పిపోలేదు, ఇంట్లోనే క్షేమంగా ఉన్నాడు. మరి ఉల్రిక్ ఎలా ఉండాలి? కాథరీనాను వదిలేసి హన్నాతో కాపురం పెట్టాడు. హన్నా కడుపుతో ఉంది. ఇతను తోటి పోలీసు అధికారి షార్లెట్ దగ్గరికి పోతున్నాడు. గాయం తీసేసి చూపించినా మనిషి అదే. రచయితలు ఎంత నిర్దాక్షిణ్యంగా, ఎంత నిజాయితీగా రాశారో ఇక్కడ తెలుస్తుంది. కాలప్రయాణం అతనికి కొత్త తప్పులేవీ నేర్పలేదు, ఉన్నవాటికి చోటు పెంచింది.

కాథరీనా కూడా దేవత కాదు, కోపిష్టి, చేయి చేసుకుంటుంది. కానీ కొడుకు ఏమయ్యాడో తెలిశాక ఆమె గుహ దారి పట్టి కాలం దాటి 1987కు వెళ్తుంది. నేరస్థుడి కోసం కాదు, మొగుణ్ణీ కొడుకునూ ఇంటికి తెచ్చుకోవడానికి. పిచ్చాసుపత్రిలో ఉల్రిక్‌ను చూస్తుంది. తనను ఎన్నో ఏళ్ళు మోసగించిన ఆ మనిషి, ఇప్పుడు తన తండ్రి వయసువాడు. విడిపిస్తానని మాట ఇస్తుంది. అక్కడ పనిచేసే తన తల్లి హెలేన దగ్గర తాళం లాక్కోబోయి, ఆ తల్లి చేతిలోనే చెరువు ఒడ్డున చనిపోతుంది. ఆ తల్లికి ఈమె తన కూతురని తెలియదు.

ధారావాహిక ముగింపు మీద నాకు ఒక ఫిర్యాదు ఉంది, అది చెప్పి తెర దగ్గరికి వెళ్దాం. ఈ లోకాలన్నింటికీ మూలం ఇంకో తండ్రి అని చివర్లో చెబుతారు. గడియారాలు బాగుచేసే టన్‌హౌస్. 1971లో ఒక వాన రాత్రి కొడుకుతో మాట పెరిగి, కొడుకు భార్యాబిడ్డలతో కారెక్కి వెళ్ళిపోతాడు, ప్రమాదంలో ముగ్గురూ పోతారు. వాళ్ళను తిరిగి తెచ్చుకోవాలని ఆ తండ్రి 1986లో యంత్రం కడితే లోకం రెండుగా చీలింది. యోనాస్, మార్తా వెళ్ళి ఆ కారును ఆపుతారు. కొడుకు వెనక్కి తిరిగి ఇంటికి వస్తాడు. యంత్రం ఉండదు, ముడి విడిపోతుంది. దానితోపాటు నీల్సెన్ వంశమే లేకుండా పోతుంది. చివరి సన్నివేశంలో భోజనాల బల్ల దగ్గర కాథరీనా ఉంటుంది, హన్నా ఉంటుంది. ఉల్రిక్ ఉండడు. మిక్కెల్ ఉండడు.

కథ లెక్క ప్రకారం ఇది సరైనదే. తండ్రీ కొడుకుల మధ్య మాట పెరిగిన రాత్రి కొడుకు తిరిగి రావడం నాకూ కళ్ళు తడిపింది. కానీ టన్‌హౌస్‌కు దొరికిన అవకాశం ఉల్రిక్‌కు దొరకలేదు. అతని తప్పును ఎవరూ అతని ముందు పెట్టి అడగలేదు. గ్రేటా అడగలేదు, హెల్గే అడగలేదు, మిక్కెల్ అడగలేదు. మనిషినే తుడిచేశారు. ఆ 34 ఏళ్ళ గదిలో అతను ఏం ఆలోచించాడో, రాయి ఎత్తిన చేతిని ఎప్పుడైనా చూసుకున్నాడో వినాలని నాకు ఉంది. ఒక్క భాగం అయినా ఆ గదికి ఇచ్చి ఉండవలసింది.

ఇప్పుడు తెర వెలిగించండి. మొదటి భాగం, నవంబరు 4 ఉదయం, నీల్సెన్ వాళ్ళ వంటిల్లు. ఉల్రిక్ అప్పుడే హన్నా దగ్గరి నుంచి వచ్చాడు. మిక్కెల్ ఎముకల గూడు బొమ్మ ఉన్న చొక్కా వేసుకుని తండ్రికి గారడీ చూపిస్తాడు. ఎలా చేశావని తండ్రి అడుగుతాడు. ఎలా అన్నది కాదు, ఎప్పుడు అన్నది అసలు ప్రశ్న అంటాడు పిల్లవాడు. అందరూ ఆ మాటనే గుర్తుపెట్టుకుంటారు, కాలప్రయాణానికి సూచన కాబట్టి. మీరు దయచేసి మాటను వదిలేయండి. తండ్రి ముఖం చూడండి. కొడుకు చేతుల మీద అతని చూపు ఎంతసేపు నిలుస్తుందో, ఎప్పుడు పక్కకు పోతుందో లెక్కపెట్టండి. కిటికీ పక్కన ఉన్నవాళ్ళు ఆ పరదా కొంచెం వేయండి. సన్నివేశం చిన్నది, రెండుసార్లు వేద్దాం.